మారకపు రేటు – మన్యపు రైతు

ఒక దేశపు నాణెమునకు వేరొక దేశపు నాణెముతో మారకపు రేటు ఎంతయన్న ప్రశ్న బొంబాయి సేట్లకును, బ్యాంకుల యధికారులకును మాత్రమే సంబంధించినదని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. పత్రికలో ఆ అంకెలు గల పుటను చూడకయే త్రిప్పివేయుచున్నారు. ఈ తలంపు సరికాదు. ఆ అంకెల ఫలితము సముద్రములు దాటి, కనుమలెక్కి, గూడెం కొత్తవీధి కొండవాలున కాఫీపండ్లు కోయు గిరిజనుని గంపలోనికి వచ్చి చేరుచున్నది. రేటు తెలిసినవాడు లాభపడును. తెలియనివాడు, తాను నష్టపడితినని సైతము ఎరుగకయే నష్టపడును.

ఇందుకు దూరపు నిదర్శనము లక్కరలేదు. తెలుగుగడ్డమీదనే రెండు రూపాయలు చిరకాలము చెలామణి యైనవి. నైజాము రాజ్యమున హాలీ సిక్కా, ఇంగ్లీషువారి యేలుబడిలోని సీమలలో కల్దారు. 1918 నాటి చట్టముతో హైదరాబాదు ప్రభుత్వము సొంత కాగితపు నోట్లను గూడ వెలువరించెను. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానము; అనగా 100 కల్దార్లు కావలసినవాడు హాలీలో రూ. 116-10-8 చెల్లింపవలెను. చుట్టును నల్లగొండ జిల్లా, నడుమ కృష్ణాజిల్లాకు చేరిన మునగాల పరగణా. అచ్చటివాడు పొలిమేర దాటినంతనే భాష మారదు, పంట మారదు, చుట్టరికము మారదు; రూపాయి మాత్రము మారును. 7కు 6 అను లెక్క నోటికి వచ్చినవానిని మోసగించుట కష్టము. రానివాడు మార్చుకొనిన ప్రతి రూపాయికిని ఎదుటివాని మాటయే లెక్క.

ఆ రేటు పాలకుని చేతి యాయుధమును కాగలదు. 1947 నవంబరు 29న ఇండియా ప్రభుత్వముతో యథాతథపు టొడంబడిక చేసికొనిన నిజాము, మరుసటి నెలలోనే భారత నాణెము తన రాజ్యమున చెల్లదని శాసనము చేసెను. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత ఆ చిక్కు విడినది. 1950 నుండి భారత రూపాయి అచ్చట ప్రవేశించినది. 1959లో హాలీ సిక్కా చెల్లుబడి ముగిసినది.

దేశమంతటికిని ఇట్టి యనుభవమే కలిగినది. 1927లో తెల్ల ప్రభుత్వము రూపాయి విలువను 16 పెన్నీల పట్టున గాక 18 పెన్నీల పట్టున నిలిపెను. 16 పెన్నీల లెక్కన ఒక పౌను విలువగల సరకు నెగుమతి చేసినందుకు 15 రూపాయలు రావలసియుండగా, 18 పెన్నీల లెక్కన రూ. 13-5-4 మాత్రమే వచ్చెను. ఏ రైతు పొలములోనికిని ఏ యధికారియు వచ్చి గింజ యెత్తుకొనిపోలేదు. లెక్క మారినది, పంట తరిగినట్లే యైనది. సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ప్రభృతులు ఆనాడు 16 పెన్నీలకై పోరాడుట ఇందువలననే.

ఆఫ్రికాఖండమున నేటికిని ఇట్టి పాఠములు కలవు. పూర్వము ఫ్రెంచివారి యధీనమున నుండిన సీమలలో పశ్చిమ భాగమున నొకటి, మధ్య భాగమున నొకటి, సీఎఫ్ఏ ఫ్రాంకులని రెండు నాణెములున్నవి. రెండును యూరోకు 655.957 చొప్పుననే కట్టుబడియున్నవి. విలువ యొక్కటియే యైనను ఒకచోటి నోటు రెండవచోట చట్టప్రకారము చెల్లదు. 1994 జనవరి 12న ఈ నాణెముల విలువను ఒక్కపెట్టున సగమునకు దింపిరి: అంతవరకు 50 సీఎఫ్ఏలకు వచ్చిన ఫ్రెంచి ఫ్రాంకు ఆ దినము మొదలు 100కు గాని రాలేదు. దిగుమతి యగు మందుల వెల ప్రజలకు భారమయ్యెను. ఎగుమతి యగు కోకోకు, కాఫీకి ఆ నాణెములో ఎక్కువ ధర పలుకుటకు దారి యేర్పడెను.

కాఫీకి పుట్టినిల్లైన ఇథియోపియా 2024 జూలై 29న తన బిర్రును విపణికి విడిచిపెట్టెను. డాలరుకు సుమారు 57గా నున్న బిర్రు కొద్ది వారములలోనే 100 దాటెను. ఇది గూడెమున కేల? ఇథియోపియా కాఫీయు మన కాఫీయు ఒకే ప్రపంచ విపణికి పోవుచున్నవి. అరబికా రకమునకు న్యూయార్కులో పౌను బరువునకు ఇన్ని సెంట్లని ధర కట్టుదురు. పరదేశపు నాణెము పడిపోయిన, అచ్చటి వర్తకుడు డాలర్లలో తక్కువ ధరకు అమ్మియు నిలువగలడు. మన రూపాయి 2022లో డాలరుకు 80ని, 2024 డిసెంబరులో 85ను దాటినది. పౌను 3 డాలర్లు పలికినచో 80 చొప్పున 240 రూపాయలు, 85 చొప్పున 255 రూపాయలు. ఆ 15 రూపాయలు ఎవరివి? కొండరైతునకు చేరినవా, నడుమ నెచ్చటనైన నిలిచినవా? ఎరువు, చమురు, వస్త్రముల వెల యెక్కుట మాత్రము వానికి తప్పదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెత ఇట్టిచోటనే పుట్టియుండును.

రేటు దినదినమును మారునదియే, దానిని తెలిసికొని గిరిజనుడేమి చేయునని కొందరనవచ్చును. పంటకు ముందే బయానా పుచ్చుకొనుటయా మానుటయా, నేడమ్ముటయా పది దినము లాగుటయా, ఎవరికమ్ముట – ఈ మూడును రేటు తెలిసినగాని తేలవు. వానికి బుద్ధి కొరవడలేదు, వార్త కొరవడినది.

మేము కోరునది కష్టసాధ్యము గాదు. 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, కొనుగోలు చేయు ప్రతి వర్తకుడును తమ కేంద్రమునెదుట నొక పలక కట్టవలెను. అందు ఆనాటి న్యూయార్కు ధర, డాలరు రేటు, రవాణాకును శుద్ధికిని తగ్గించిన మొత్తము, రైతునకు చేరు ధర – ఈ నాలుగు వరుసలును తెలుగులోను, కువి మాటలాడు పల్లెలలో వారి భాషలోను చదివి వినిపింపవలెను. చదువుకొనిన గిరిజన యువకులు ప్రతి సంతలోను ఈ పనికి పూనుకొనవచ్చును.

నర్సీపట్నము నుండి చింతపల్లికి దారి వేసిన కూలీలకు న్యాయమైన కూలి దక్కకపోవుట 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు కారణములలో నొకటి. రావలసినదెంతయో తెలియుట కూలివానికెంత యవసరమో రైతున కంతే యవసరము. ఆ లెక్కను అడుగక ముందే చూపుట కొనువాని విధి. చూపనిచో అడుగుట రైతు హక్కు.