ఎల్‌డీఎల్ నార్మలే... మరి మాత్ర ఎందుకు?

పోయిన వారం రాజోలు నుంచి మావయ్య వాట్సాప్‌లో బ్లడ్ రిపోర్ట్ పంపారు. వెనకాలే వాయిస్ మెసేజ్. "ఒరేయ్ అల్లుడూ, కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చేసిందిరా. ఆ మాత్ర ఆపేశాను. రోజూ ఇన్నేసి మింగలేక చస్తున్నా!"

నార్మల్ వచ్చింది ఆ మాత్ర వేసుకోబట్టే కదా అనుకున్నాను. రిపోర్ట్ తెరిస్తే ఎల్‌డీఎల్ 94. బాగానే ఉంది. కానీ ట్రైగ్లిజరైడ్స్ 268, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 31. ఆ రెండు లైన్లూ ఆయన చూడనేలేదు.

మావయ్యకి 60 దాటాయి. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ దాకా రాలేదు. (కిడ్నీ జబ్బు అనగానే మనకి శ్రీకాకుళం ఉద్దానమే గుర్తొస్తుంది. అక్కడా కొబ్బరి తోటలే. కానీ మన చుట్టూ ఉన్న కేసుల్లో షుగర్, బీపీల వల్ల వచ్చేవి తక్కువేం కాదు.)

కిడ్నీలు పాడైతే కొవ్వు లెక్క కూడా తేడా కొడుతుంది. ట్రైగ్లిజరైడ్స్‌ని విడగొట్టే ఎంజైమ్ మందగిస్తుంది, అవి రక్తంలో పేరుకుంటాయి. హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఉన్నదీ సరిగ్గా పనిచేయదు. ఎల్‌డీఎల్ అంకె మామూలుగానే కనిపించొచ్చు, కానీ దాని రేణువులు చిన్నవై రక్తనాళాల గోడల్లోకి తేలిగ్గా దూరతాయి. డయాలసిస్ దాకా వెళ్లకముందే గుండె జబ్బుతో పోయేవాళ్లు ఎక్కువ, అదీ అసలు భయం.

అందుకే కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2013లో ఇలా చెప్పింది: 50 దాటి, కిడ్నీ జబ్బుండి, డయాలసిస్ మీద లేనివాళ్లకి స్టాటిన్ ఇవ్వండి, ఎల్‌డీఎల్ అంకె కోసం ఆగొద్దు. 2011లో వచ్చిన షార్ప్ అధ్యయనంలో 9 వేల మందికి పైగా కిడ్నీ పేషెంట్లున్నారు. స్టాటిన్, ఎజెటిమైబ్ కలిపి వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 17 శాతం తగ్గాయి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ మొదలుపెడితే మాత్రం పెద్దగా లాభం కనబడలేదు. ముందునుంచీ వాడేవాళ్లు కొనసాగించొచ్చు.

ఇదంతా సాయంత్రం ఫోన్లో చెప్పాను. ఆయన బాధ వేరే. "అయితే పూతరేకులు మానేయాలా?"

"నెయ్యి సంగతి తర్వాత మావయ్యా, ముందు అందులో పంచదార. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేది దానివల్ల కూడానండి. కొబ్బరినీళ్లు కూడా డాక్టరుగారిని అడక్కుండా తాగకండి, పొటాషియం ఉంటుంది."

"కోనసీమలో పుట్టి కొబ్బరినీళ్లు తాగొద్దంటావేంట్రా!"

కాసేపు మౌనం. తర్వాత నెమ్మదిగా, "మాత్ర డాక్టరుగారిని అడిగాకే ఆపాల్సిందా?"

"ఆయ్."

శనివారం ఇద్దరం అమలాపురం వెళ్తున్నాం. రిపోర్ట్ ప్రింట్ తీసి, ఆ రెండు లైన్ల కింద పెన్నుతో గీత పెట్టాను.