చెయ్యి చేసుకునే హక్కు ఎవరిచ్చారు?

2024 డిసెంబర్ 22న ఉస్మానియా జాక్ పేరుతో కొందరు కుర్రాళ్ళు జూబ్లీహిల్స్‌లో అల్లు అర్జున్ ఇంటి మీదికి పోయారు. అదే నెల 4న సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఆ కుటుంబానికి న్యాయం చెయ్యాలని వీళ్ళ డిమాండు. టమాటాలు విసిరారు, పూలకుండీలు పగలగొట్టారు. ఆరుగురు అరెస్టయ్యారు, తర్వాత బెయిలొచ్చింది.

మర్నాడు స్టాఫ్‌రూంలో, టీకొట్టు దగ్గర ఒకటే మాట: "అక్కడున్నోళ్ళు చోద్యం చూశారా? పట్టుకుని నాలుగు తగిలించొద్దూ?" అన్నవాళ్ళలో మనోళ్ళూ ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

కుండీలు పగలగొట్టడం తప్పే. ఇల్లన్నాక పిల్లాజెల్లా ఉంటారు. పైగా పెద్దోళ్ళ గేట్ల దగ్గర దెబ్బలు కాసేది హీరో కాదు, పొట్ట చేతబట్టుకుని వలసొచ్చిన వాచ్‌మన్. రాయెత్తినవాడి చెయ్యి పట్టుకుని ఆపడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రక్షణ హక్కు తన ఒంటికే కాదు, పక్కవాడి ఒంటికీ ఉంది. అయితే ఆపడానికి ఎంత కావాలో అంతే. పట్టుబడ్డాక పడే దెబ్బ రక్షణ కాదు, నేరం.

మరి ఊరికే రోడ్డు మీద కూర్చున్నవాణ్ణి? కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి ఇంకొకర్ని పట్టుకోవాలంటే, కళ్ళముందు బెయిలు దొరకని, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల నేరం జరగాలి. ఆరు గంటల్లో పోలీసులకు అప్పజెప్పాలి. రాస్తారోకో మామూలుగా ఆ లెక్కలోకి రాదు.

2018 ఏప్రిల్ 7న ఫిల్మ్‌నగర్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి అర్ధనగ్నంగా కూర్చుంది. ఆ పద్ధతి నచ్చనోళ్ళు బోలెడుమంది. పోలీసులు తీసుకెళ్ళారు. ఆమెతో నటించొద్దని చెప్పిన 'మా' కొద్ది రోజులకే మాట వెనక్కి తీసుకుంది. మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వానికి నోటీసిచ్చింది. దారినపోయే నలుగురు ఆమెను జుట్టు పట్టి ఈడ్చేసి ఉంటే ఏ మాట బయటికొచ్చేది?

అసలు 'చూసేవాళ్ళు' ఎవరు? పల్లెలో మన ఊరేగింపును చూసేది అరుగు మీది పెత్తందారు. 1991లో చుండూరు గొడవకు సినిమా హాల్లో మన కుర్రాడి కాలు తగలడం ఒక సాకు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 'అల్లరి మూకను సరిచేశాం' అనే హక్కు జనానికిస్తే, అది ముందు ఏ వాడ మీద పడుతుందో మనకు ఒకరు చెప్పాలా?

కొన్నేళ్ళ కింద మేం రాస్తారోకో చేస్తుంటే ఒకాయన మా పిల్ల జడ పట్టుకు లాగాడు. "అంబులెన్సు వస్తోంది, లేవండి" అన్నాడు. గంట చూశాం, ఏ అంబులెన్సూ రాలేదు. ఇంకోసారి నిజంగానే వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టకముందే మనోళ్ళు బ్యానరు మడిచి దారిచ్చారు.

అప్పట్నుంచి రోడ్డు మీద కూర్చున్నప్పుడల్లా ఇద్దర్ని దారి చూడ్డానికి నిలబెడుతున్నాం. ఒకరి చేతిలో ఫోను. చెయ్యేసినవాడి మొహం, బండి నంబరు అందులో పడతాయి, తిరిగి చెయ్యెత్తం. మీ ఊళ్ళో ఎలా చేస్తున్నారో రాయండి అన్నలారా, అక్కలారా. వచ్చే సంచికలో వేస్తాం.