గ్లాసు మజ్జిగ – చెంచా ఆవనూనె

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌కు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలకు చెందినవే. వారు తమ వెంట మజ్జిగ కుండను తెచ్చుకున్నారు. ఇక్కడి వంగదేశపు వంటింటి నుండి ఆవనూనెను స్వీకరించారు. గోల్‌బజార్‌లో నివసించే మా అక్కయ్య ఇంట మధ్యాహ్నం మజ్జిగ అన్నం, సాయంకాలం పచ్చి ఆవనూనె కలిపిన మరమరాలు ఎన్నో ఏళ్లుగా పక్కపక్కనే సాగుతూ వచ్చినవి.

మూడేళ్ల క్రితం బావగారికి గుండెజబ్బు కనిపించిన తరువాత ఆ ఇంట ఒక నిర్ణయం జరిగింది. “పెరుగులో కొవ్వున్నదట. ఆవనూనె గుండెకు మంచిదట. కనుక మజ్జిగ మానేశాము, తమ్ముడూ” అని అక్కయ్య చెప్పినది. నూనె డబ్బాకు మాత్రం ఏ కొలతా లేదు. గత సంవత్సరం అక్కయ్య స్నానాల గదిలో జారిపడగా మణికట్టు ఎముక విరిగింది. మజ్జిగ మానినందువలననే విరిగినదని నేను అనను. ఎముకల బలహీనతకు వయస్సు మొదలుగా కారణాలు అనేకం. కాని ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క సరియైనదా అని పరిశీలించవలెనని నాకు తోచినది.

ఇంజనీరు ఏ రెండింటిని పోల్చదలచినా మొదట కొలమానాన్ని సరిచూసుకుంటాడు. పోషక విలువల పట్టికలు నూరు గ్రాములకు లెక్కలిస్తాయి. నూరు గ్రాముల నూనెలో దాదాపు 900 కిలోకెలోరీల శక్తి ఉన్నది. అది పూర్తిగా కొవ్వే. మాంసకృత్తులు లేవు, కాల్షియం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టిక ప్రకారం నూరు గ్రాముల మజ్జిగలో 15 కిలోకెలోరీలు, 0.8 గ్రాముల మాంసకృత్తులు, 1.1 గ్రాముల కొవ్వు, 30 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నవి. అయితే నూరు గ్రాముల నూనెను ఎవరూ త్రాగరు. కావున మనం పోల్చవలసినది చెంచాను, గ్లాసును.

పెద్ద చెంచాడు, అనగా 15 మిల్లీలీటర్ల ఆవనూనె బరువు సుమారు పదమూడున్నర గ్రాములు. శక్తి సుమారు 120 కిలోకెలోరీలు. రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసెడు మజ్జిగలో ఉన్నది 30 కిలోకెలోరీలు, 2.2 గ్రాముల కొవ్వు మాత్రమే. అనగా నాలుగు గ్లాసుల మజ్జిగ త్రాగినను ఒక్క పెద్ద చెంచా నూనెకు సమానమైన శక్తి వచ్చును. కొవ్వు ఉన్నదని మా అక్కయ్య ఇంట వెలివేసిన గ్లాసులోని కొవ్వు, లెక్కించకుండా వాడిన చెంచాలోని కొవ్వులో ఆరవ వంతు!

ఇంతమాత్రాన మజ్జిగను ఆకాశానికి ఎత్తుట కూడ పొరపాటే. మజ్జిగ అనునది ఒకే పదార్థం కాదు. అందులోని నీటి పాలును బట్టి దాని విలువ మారుతుంది. నూరు గ్రాముల పెరుగులో 149 మిల్లీగ్రాముల కాల్షియం, 3.1 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. పెరుగుకు సమానంగా నీరు కలిపితే ఆ మొత్తం ఒక గ్లాసులోకి వచ్చును. ఒక పాలు పెరుగుకు నాలుగు పాళ్లు నీరు పోసిన పలుచని మజ్జిగలో గ్లాసుకు 60 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రమే మిగులును. పెద్దలకు రోజుకు కావలసినది 1000 మిల్లీగ్రాములు. పలుచని మజ్జిగ దాహం తీర్చును, ఎముకలను నిలబెట్టలేదు. ఉప్పు విషయం కూడ మరువరాదు. రోజు మొత్తానికి 5 గ్రాములు మించకూడదన్న ఉప్పులో సగం మజ్జిగ గ్లాసులకే ఖర్చు చేయుట రక్తపోటు కలవారికి తగదు.

ఆవనూనెను దోషిగా నిలబెట్టుట కూడ న్యాయం కాదు. అందులో సంతృప్త కొవ్వు తక్కువ. మన వేరుశనగ నూనెలోను, నువ్వుల నూనెలోను దాదాపు కనిపించని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అందులో చెప్పుకోదగినంత ఉన్నది. ఎరూసిక్ ఆమ్లం ఎక్కువగా ఉండుట దానికి గల ఆక్షేపణ. ఎలుకలకు అధిక మోతాదులో ఇచ్చినపుడు గుండె కండరంలో కొవ్వు చేరినది. మనుష్యులలో అట్టి హాని రుజువు కాలేదు. ఒకే నూనెను పట్టుకొనక మార్చి మార్చి వాడవలెనని నిపుణులు చెప్పుటకు ఇదియొక కారణం. కల్తీ వలన కలిగిన హాని మాత్రం అనుమానానికి తావులేనిది. 1988లో కలకత్తా బెహాలాలో కల్తీ నూనె తిన్నవారికి కాళ్లు చచ్చుబడినవి. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి నూనె కలిసిన ఆవనూనె వలన పలువురు మరణించారు. విడి నూనె కొనువారు ఈ రెండు సంవత్సరాలను గుర్తుంచుకొనవలెను.

ఆవిరి ఇంజనుకు బొగ్గు, నీరు రెండూ కావలెను. బొగ్గులో వేడిమి ఎక్కువ గనుక నీరు అనవసరమని ఏ డ్రైవరూ అనుకొనలేదు. నూనె బొగ్గు వంటిది. మజ్జిగ దానికి బదులూ కాదు, పోటీయూ కాదు. ఏది గొప్పది అను ప్రశ్న కంటె ఏది ఎంత అను ప్రశ్నయే ముఖ్యం.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో 2000 కిలోకెలోరీల ఆహారానికి రోజుకు 27 గ్రాముల నూనెలు, కొవ్వులు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు సూచించబడినవి. ఆ లెక్కన నలుగురు ఉన్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్ల నూనె చాలును. మా అక్కయ్య ఇంట నలుగురికి నెలకు ఆరు లీటర్లు ఖర్చగుచున్నదని సరుకుల చీటీ చూచిన తరువాత తెలిసినది. తలకు రోజుకు 45 గ్రాములు! బావగారు ఆ అంకెను రెండుసార్లు గుణించి చూచుకొని మౌనం వహించారు.

ఇప్పుడు ఆ ఇంట నూనె డబ్బాపై తెరచిన తేదీ వ్రాయుచున్నారు. వైద్యుని అడిగి, వెన్న తీసిన చిక్కని మజ్జిగను తిరిగి ప్రారంభించారు. ఉదయం చోడి అంబలిలో దానిని కలుపుకొనుచున్నారు. చోళ్లలో కాల్షియం విరివిగా ఉన్నది గనుక ఈ కలయిక మన ఉత్తరాంధ్ర పెద్దల అనుభవం మనకిచ్చిన ఆస్తి. సాయంకాలపు మరమరాలలో ఆవనూనె కూడ ఉన్నది. కాని ఇప్పుడది చిన్న చెంచాడే.

పాఠక మిత్రులు ఈ నెల సరుకుల చీటీని ఒకసారి చేతికి తీసుకొని, నూనె లీటర్లను ఇంటిలోని తలలతో భాగించి చూడవలసినదిగా కోరుచున్నాను. ఈ పరీక్షకు ప్రయోగశాల అవసరం లేదు, పెన్సిలు చాలును.