నిప్పు మా బజార్ల, తాళంచెవి హైదరాబాద్‌ల

బజార్ల బట్టల దుకాణం అంటుకుంటది. 101కు ఫోన్ కొడతం. మా ఊరి బండి ఉంటే జల్ది వస్తది. అది ఇంకో మంట కాడికి పోయి ఉంటే పక్క పట్టణం నుంచి రావాలె. వచ్చేసరికి మిగిలేది బూడిద. తెల్లారి మా వార్డు కౌన్సిలర్‌ను నిలదీస్తే ఆయన అనేది ఒక్కటే మాట: ‘అది మా శాఖ గాదన్నా.’

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగనే ఆయన శాఖ కాదు. మా పంచాయితీ అంతా దాని మీదనే.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులను పన్నెండో షెడ్యూల్‌లో రాసిపెట్టింది. రెండోది భవనాల నియంత్రణ, ఐదోది నీటి సరఫరా, ఏడోది అగ్నిమాపక సేవ. కానీ 243-డబ్ల్యూ అధికరణం ‘ఇవ్వాలి’ అనలేదు, ‘ఇవ్వవచ్చు’ అన్నది. మన పాలకులకు ఆ ఒక్క ‘వచ్చు’ చాలు! ఉమ్మడి రాష్ట్రం 1999లో చేసిన అగ్నిమాపక చట్టం ఆ సేవను రాష్ట్ర శాఖగానే ఉంచింది. 2014లో తెలంగాణ వచ్చింది, అదే చట్టం పేరు మార్చుకొని మనకూ వచ్చింది. అధికారం అక్కడి నుంచి ఇక్కడికి రావాలని కొట్లాడినోళ్లం. అది హైదరాబాద్‌ల బస్సు దిగి ఆడనే కూసున్నది.

మంట కాడ ఏం జరుగుతదో చూడండి. మామూలు ఫైరింజన్‌లో పట్టే నీళ్లు సుమారు 4,500 లీటర్లు. పెద్ద మంటకు అవి నిమిషాల్లో ఖాళీ. మళ్లీ నింపాలంటే మున్సిపాలిటీ ట్యాంకు కాడికే ఉరకాలె. గొట్టం పట్టే మనిషి హోం శాఖ మనిషి, వాల్వు తిప్పే మనిషి మున్సిపాలిటీ మనిషి. ఇద్దరినీ ఒక్క బల్ల ముందు కూసోబెట్టి అడిగే హక్కు ఊర్లె ఎవలికీ లేదు. ప్రాణాలకు తెగించి మంటల్లోకి పోయే ఫైర్‌మన్ మీద మాకు కోపం లేదు. ఖాళీ పోస్టుల భారం మోసేది ఆయనే.

ఇక అనుమతులు. వ్యాపార భవనం 15 మీటర్లు దాటితేనే ఎత్తును బట్టి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలె. మా పట్టణాల్లో అంత ఎత్తు దుకాణాలు ఎన్ని? కింద గోదాం, మీద కాపురం, మధ్యల ఒకటే ఇరుకు మెట్లు. కట్టుకొమ్మని కాగితం ఇచ్చేది ఒకరు, కాలితే వచ్చేది ఇంకొకరు. ఒకరి లెక్క ఒకరికి తెల్వదు.

108దీ అదే కథ. 2005 ఆగస్టు 15న మొదలైంది, ఎన్నో ప్రాణాలు నిలిపింది, కాదనం. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డంక దాన్ని నడిపే సంస్థ చేతులు మారింది. ఒప్పందం రాష్ట్రానిది, కాల్ సెంటర్ హైదరాబాద్ పక్కన. మా పట్టణంలో అంబులెన్స్ ఎన్ని నిమిషాలకు వస్తున్నదో మా చైర్మన్‌కు చెప్పే కాగితం ఏదీ రాదు.

‘మున్సిపాలిటీలకిస్తే తింటరు గద’ అంటరు కొందరు ఉద్యోగ మిత్రులు. ఆ భయం ఉత్తది కాదు. గుజరాత్‌లో ఫైర్ బ్రిగేడ్లు నగరపాలక సంస్థల కిందనే ఉన్నయి. అయినా 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో 27 మంది కాలిపోయిన్రు. కాకపోతే అక్కడి హైకోర్టు ఎవరిని బోనులో నిలబెట్టాలో వెతుక్కోలేదు, నేరుగా నగరపాలక సంస్థనే నిలదీసింది. ఇక్కడ మేం ఎవరి కాలర్ పట్టుకోవాలె? పైగా 2025 జనవరిలో పాలకవర్గాల గడువు తీరితే మెజారిటీ మున్సిపాలిటీలను నెలల తరబడి ప్రత్యేకాధికారులకే అప్పజెప్పిన్రు. అడిగే నోరే లేకుండ పోయింది.

బండ్లు, జీతాలు, శిక్షణ రాష్ట్రం దగ్గరే ఉండనీ. మేం అడిగేది నెలకు ఒక కాగితం. ఫోన్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది, ఎన్ని పోస్టులు ఖాళీ, ఏ ట్యాంకు కాడ నీళ్లు దొరకలేదు. ఆ కాగితం కౌన్సిల్ ముందుకు రావాలె, స్టేషన్ అధికారి, 108 బాధ్యుడు వచ్చి జవాబు చెప్పాలె. దానికి చట్టంలో ఒక్క సెక్షన్ చేర్చితే చాలు. విద్యార్థులు, ఉద్యోగులు మీ మీ పట్టణాల్లో ఈ తీర్మానం కోసం కౌన్సిలర్లను పట్టుకోండి. బజార్ల మంటలు ఎండాకాలం దాకా ఆగవు.