చెరువులో నీడ

ఈమధ్య నాకో కొత్త పిచ్చి పట్టుకుంది. సాయంత్రం పొయ్యి మీద పాలు కాచి దించేసి, ఫోను పట్టుకుని మా ఊరి మంచినీళ్ళ చెరువు గట్టుకి వెళ్ళిపోతున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువుకి మూడు వైపులా కొబ్బరిచెట్లు, నాలుగో వైపు రేవు. పొద్దుగూకే వేళ ఆ చెట్లన్నీ నీళ్ళలో తలకిందులుగా నిలబడతాయి. వాటిని ఫొటో తీయడమే నా పని.

"దీపాలు పెట్టేవేళ ఇల్లాలు గట్ల మీద తిరగడమేమిటే" అని మా అత్తయ్యగారు మొదట్లో గొణిగారు. ఇప్పుడు తనే దీపం పెట్టేసి, "వెళ్ళు, పొద్దు పోతోంది" అంటున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకోసం నేను తీసుకున్న అరగంట ఇదేనని ఆవిడకి అర్థమైనట్టుంది.

చేస్తూ చేస్తూ కొన్ని కిటుకులు పట్టుబడ్డాయి. పగలంతా తోసే సముద్రపు గాలి సాయంత్రానికి నెమ్మదిస్తుంది. అప్పుడే నీళ్ళు కదలవు. సూర్యుడు దిగిపోగానే ఇంటికి వచ్చేయకూడదు. అసలు రంగులు ఆ తర్వాత పది పదిహేను నిమిషాలకి వస్తాయి. ఫోను తెర మీద ఆకాశం ఉన్నచోట వేలితో తాకితే చెట్లు నల్లగా, రంగులు చిక్కగా పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మెట్టు మీద కూర్చుని ఫోను నీళ్ళకి బాగా దగ్గరగా పట్టుకోవాలి. ఎంత కిందనుంచి అవతలి గట్టుకేసి చూస్తే నీళ్ళు అంత అద్దమవుతాయి. లేచి నిలబడి మన కాళ్ళ దగ్గరకి చూశామా, అద్దం పోయి అడుగున బురద కనబడుతుంది. నీళ్ళు అవే, చూసే వాలు మారిందంతే.

మాఘమాసంలో ఒకరోజు నిజంగా మంచి ఫొటో పడింది. ఎర్రటి ఆకాశం పైనొకటి, కిందొకటి. మధ్యలో కొబ్బరిచెట్ల వరస. మురిసిపోయి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్ నుంచి ఒకటే మెచ్చుకోళ్ళు. మా పెద్దాడపడుచు అయితే ఏడ్చేశానని వాయిస్ మెసేజ్ పెట్టింది.

సరిగ్గా నెల తిరిగేసరికి అసలు కథ మొదలైంది. మా వైపు వేసవిలో కాలవలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఊరికి దిక్కు ఈ చెరువే. అందుకే కాలవలు కట్టేసేలోపు చెరువులు నింపుకుంటారు. ఈసారి నింపేముందే గుర్రపు డెక్క తీయించి, గట్టు మీద చెత్త ఎత్తించి, విరిగిన రేవు మెట్లు కట్టించాలని ఊళ్ళో నలుగురూ అనుకున్నారు. బయట ఉన్నవాళ్ళని కూడా చందా అడుగుదామన్నారు. మావారు డల్లాస్‌లో ఉన్న మా మరిదికి ఫోను చేశారు. అతను నవ్వుతూ, "అన్నయ్యా, మొన్ననే వదిన ఫొటో పెట్టిందిగా! చెరువు అద్దంలా ఉంది. ఇంకా బాగుచేసేదేముంది? చందాలంటే మనవాళ్ళకి సరదా" అన్నాడు.

పక్కనే కూరలు తరుగుతున్న నాకు కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

అతని తప్పేం లేదు. ఆ ఫొటోలో అతనికి కనబడింది నేను చూపించిందే. ఆరోజు నా ఎడమచేతి వైపు గుర్రపు డెక్క సగం చెరువు కమ్మేసి ఉంది. మెట్ల పక్కన ప్లాస్టిక్ కవర్లు, భోజనాల ప్లేట్లు, ఎవరో నీళ్ళలో వదిలేసిన పాత దేవుడి పటాలు. అవన్నీ పడకుండా ఫోను జరిపి జరిపి తీసింది నేనే. కొంచెం మూల పడితే అదీ కత్తిరించాను. పది అడుగుల మేర శుభ్రంగా ఉన్న నీళ్ళని ఊరి చెరువని పంపించాను.

మా అబ్బాయి నన్ను సమర్థించాడు. "ఫొటో అంటేనే ఎంచుకోవడం కదమ్మా. ఏది ఉంచాలో ఏది వదలాలో తీసేవాళ్ళ ఇష్టం. నువ్వు లేని రంగులు వెయ్యలేదు, లేని చెట్లు పెట్టలేదు" అన్నాడు. వాడన్నది కాదనను. అందం కోసం తీసి గోడకి తగిలించుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కానీ నేను చేసిన పని అది కాదు. ఊరు చూసి నాలుగేళ్ళయినవాళ్ళకి "ఇదిగో మన చెరువు" అని రాసి మరీ పంపాను. మనకది ఫొటో, దూరంగా ఉన్నవాళ్ళకి అది కబురు. కబురు సగం చెబితే ఎదుటివాళ్ళు తీసుకునే నిర్ణయం కూడా సగమే అవుతుంది.

ఇళ్ళల్లో మనం చేసేది కూడా ఇదే కదూ! మా అత్తయ్యగారు మోకాలినొప్పితో మంచం దిగలేని రోజు కూడా చిన్నకొడుకు వీడియో కాల్ చేస్తే జుట్టు దువ్వుకుని, దిండుకి చేరగిలబడి "బ్రహ్మాండంగా ఉన్నానురా" అంటారు. అతను అక్కడినుంచి నవ్వుతూ ఇల్లంతా చూపిస్తాడు. అతని కష్టాలూ మాకు తెలియవు. ఒకరినొకరు బాధపెట్టకూడదనే ప్రేమ అది. కాదనడంలేదు. కానీ ఆ ప్రేమ వల్లే ఒకరి అవసరం ఇంకొకరికి తెలియకుండా పోతోంది.

తెలుగులో 'నీడ' అనే మాట నాకు చాలా ఇష్టం. చెట్టు కింద చల్లదనమూ నీడే, మనిషి వెనక నల్లగా పడేదీ నీడే, నీళ్ళలో కనబడే రూపమూ నీడే. తలదాచుకునే చోటునీ నీడే అంటాం. ఆ చెరువు ఊరికి నీడ. మా ఇంట్లో ఇప్పుడు క్యాను నీళ్ళు తాగుతున్నాం కాబట్టి నాకది ఫొటోలకి పనికొచ్చే నీడైపోయింది. క్యాను కొనలేని ఇళ్ళల్లో ఇప్పటికీ ఆ చెరువునుంచి కుళాయికి వచ్చే నీళ్ళే తాగుతున్నారు. ఒకప్పుడు తను బిందెతో మోసుకొచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, తేట వంచుకుని తాగిన నీళ్ళవి అని అత్తయ్యగారు చెబుతుంటారు. "అప్పట్లో చెరువులో కాలు పెట్టినా పెద్దవాళ్ళు కేకలేసేవారు" అని నిట్టూరుస్తారు.

మర్నాడు సాయంత్రం అదే మెట్టు మీద నిలబడి, ఏదీ దాచకుండా, చెరువు మొత్తం పడేలా ఒకటి తీశాను. పాత ఫొటో పక్కనే పెట్టి, "రెండూ మన చెరువే. మొదటిది పంపినప్పుడే రెండోది కూడా పంపాల్సింది. తప్పు నాదే" అని గ్రూపులో రాశాను. ఈసారి మెచ్చుకోళ్ళు రాలేదు. మా పెదమావగారు ఫోను చేసి "ఊరి పరువు తీశావమ్మా" అన్నారు. మరిది రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు "వదినా, ఎంతవుతుందో అన్నయ్యని లెక్క పంపమనండి" అని ఒక్క ముక్క రాశాడు.

డెక్క తీశారు. మెట్లు ఇంకా కట్టలేదు. డెక్క మళ్ళీ రాకుండా ఉండదని, దాన్ని చూస్తూ ఉండాల్సిందేనని తీసినవాళ్ళే చెప్పారు. అందుకని నేను ఫొటోలు మానలేదు. సాయంత్రాలు వెళుతూనే ఉన్నాను. మెట్టు మీద కూర్చుని చెట్ల నీడని తీస్తాను. ఇంటికి బయల్దేరేముందు లేచి నిలబడి, కాళ్ళ దగ్గర నీళ్ళని కూడా ఒకటి తీస్తాను. గ్రూపులో పెడితే రెండూ కలిపే పెడుతున్నాను.

మీ ఊళ్ళో కూడా ఓ చెరువుంటే, మీరూ అలాగే చేసి చూడండి.