దీపమారిన యింట

వానలు చాలని యేట కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతపు కుటుంబములనేకములు మిరపకాయలు కోయుటకై గుంటూరు వైపు వలసపోవును. ఇంట మిగులువారు వృద్ధులును వికలాంగులును. అట్టి సమయమున బిల్లు చెల్లలేదని కరెంటు తీసివేసిన వారి గతి యేమి? చెవిటివారికి వెలుతురే మాట. పెదవులును చేతులును కానరానిచో సంభాషణయే లేదు. నడువలేనివారు మోటారు నిలిచిన బోరింగుకడకు పోజాలరు. ఆక్సిజను యంత్రముపై నాధారపడినవారి మాట చెప్పనేల?

2003 విద్యుచ్చట్టము 56వ సెక్షను ప్రకారము, తీసివేయుటకు ముందు పూర్తిగా 15 దినముల గడువుతో వ్రాతమూలకముగా నోటీసు ఇయ్యవలెను. బిల్లుపై వివాదమున్నచో, అడిగిన మొత్తము, గడచిన 6 నెలల సగటు, ఈ రెంటిలో తక్కువదానిని ఆక్షేపణతో చెల్లించిన, వివాదము తీరువఱకు కరెంటు తీయరాదు. కాని యా సెక్షనులో వికలాంగులకు ప్రత్యేకమైన మినహాయింపు లేదు. అంధుని గుమ్మమున నోటీసు పడినచో దానిని చదువువారెవరు?

కావున మేము కోరునది స్వల్పము. మీ బిల్లు వచ్చిననాడు పొరుగింటి బిల్లును గూడ చదివి వినిపింపుడు. ఊరు విడుచువారు చెల్లింపును నమ్మకమైనవారి కప్పగించి పోవలెను. చట్టము మఱచినవారిని ఇరుగుపొరుగు మఱవరాదని మా మనవి.