ఆ లేఖలు ఆపండి

తాగి బండి నడుపుతూ పట్టుబడ్డవారి వివరాలను వారు పనిచేసే సంస్థలకు లేఖ రాసి తెలియజేస్తామన్న సైబరాబాద్ పోలీసుల నిర్ణయం తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవాలి. తాగి రోడ్డెక్కినవాడి మీద మాకు జాలి లేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర బస్సులో సజీవదహనమైన 19 మంది ప్రయాణికులను తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. తాగి నడిపినవాడు పడిపోగా రోడ్డు మీద మిగిలిన బైకునే ఆ బస్సు ఈడ్చుకుపోయింది. ఒకడి తాగుడు ఎంతమంది ప్రాణాల మీదికి తెస్తుందో చెప్పలేమన్న మాట అక్షరాలా నిజం. అందులో మాకు పేచీ లేదు.

మా పేచీ అంతా ఈ లేఖలను సమర్థిస్తూ చెబుతున్న మరో మాటతో. పోలీసులు ఎవరి ఉద్యోగమూ తీయడం లేదట. సమాచారం మాత్రమే ఇస్తున్నారట, ఆ తర్వాత ఏం చేయాలన్నది యాజమాన్యం ఇష్టమట. ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకంటే నిజాయితీ లేని మాట మరొకటి లేదు.

సమాచారం ఇవ్వడమే ఉద్దేశమైతే అది ఎవరికి, ఏ అవసరానికి? సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాసే ఉద్యోగి శనివారం రాత్రి కొండాపూర్‌లో పట్టుబడ్డాడని తెలిసి సోమవారం ఆ కంపెనీ హెచ్‌ఆర్ ఏం చేయాలి? అతని పని కారు నడపడం కాదు. కంపెనీ బండి కాదు, డ్యూటీ సమయమూ కాదు. ఆ కాగితంతో కంపెనీ చేయగలిగింది ఒక్కటే, అతణ్ని శిక్షించడం. ఆ సంగతి లేఖ పంపేవారికి తెలుసు. తెలియకపోతే, పట్టుబడితే ఉద్యోగాలకు, పాస్‌పోర్టుకు, వీసాకు ఇబ్బంది తప్పదని డ్రంకెన్ డ్రైవ్ ప్రచారాల్లో ఏళ్ల తరబడి ఎందుకు హెచ్చరిస్తున్నారు? హెచ్చరించేటప్పుడు ఉద్యోగం గుర్తుచేసి, నిలదీసినప్పుడు ఉద్యోగం సంగతి మాకు తెలియదనడం నిప్పు రాజేసినవాడు పొగ నాది కాదన్నట్టుంది.

ఆ లేఖ ఆఫీసుకు చేరాక ఏం జరుగుతుందో ప్రైవేటు ఉద్యోగం చేసే ఎవరినడిగినా చెబుతారు. విచారణ ఉండదు, చార్జిషీటు ఉండదు. మీటింగ్ రూముకు పిలిచి, గొంతు తగ్గించి, ‘నువ్వే పేపర్లు పెట్టెయ్, రిలీవింగ్ లెటర్‌లో ఏమీ రాయం’ అంటారు. కాదంటే తొలగిస్తామంటారు, తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. అతను సంతకం పెడతాడు. రికార్డులో అది స్వచ్ఛంద రాజీనామాగా మిగులుతుంది. పోలీసులు తీసేయమనలేదు, కంపెనీ తీసేయలేదు. ఒక మనిషి ఉపాధి మాత్రం పోయింది, దానికి జవాబుదారీ ఎవరూ లేరు. ఇంటద్దె, పిల్లల ఫీజు, ఈఎంఐ తేదీకి వస్తూనే ఉంటాయి. ఏ కోర్టూ వేయని ఈ శిక్ష మీద అప్పీలు చేసుకోవడానికి అతనికి ఏ కోర్టూ లేదు.

ఇంతకూ ఆ లేఖకు ఆధారమేమిటి? అర్ధరాత్రి బారికేడ్ల మధ్య గొట్టం నోట్లో పెట్టి ఊదిస్తే యంత్రం చూపిన ఒక అంకె. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారైతే ఆర్నెల్ల దాకా జైలు, 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే అదే చట్టం 202వ సెక్షన్‌లో, అరెస్టు చేసినవారికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలని, లేదంటే వదిలేయాలని కూడా ఉంది. పట్టుబడినవాడికి చట్టసభ కావాలని కల్పించిన రక్షణ అది. ఆర్టీసీ డ్రైవర్ను కేవలం బ్రెత్ అనలైజర్ రీడింగ్ చూసి ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదని తెలంగాణ హైకోర్టు 2025లో తేల్చింది. బస్సు నడిపి బతికే మనిషి విషయంలోనే అంకె చాలదని కోర్టు అంటుంటే, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అదెలా చాలుతుంది?

ఇదే హైకోర్టు 2021లో మరో మాట కూడా చెప్పింది. తాగి దొరికినవాడి పక్కన తాగని మనిషి, లైసెన్సున్న మనిషి ఉంటే బండి అతని చేతికివ్వాలి, ఆ కారణంతో వాహనాన్ని పట్టుకుపోవడానికి వీల్లేదని. బండినే పట్టుకుపోకూడదని కోర్టు చెప్పాక, బతుకుతెరువు మీద చేయి వేసే అధికారం పోలీసులకు ఎవరిచ్చారు?

సర్కారు కొలువులో ఉన్నవారికైతే నియమాలు రాసిపెట్టి ఉన్నాయి. 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్, ఆ కాలంలో జీవన భృతి, ఆపై విచారణ. కేరళలో పాత్రికేయుడు కె.ఎం. బషీర్‌ను 2019 ఆగస్టులో తిరువనంతపురంలో ఓ ఐఏఎస్ అధికారి కారు గుద్ది చంపింది. తాగి నడిపారన్న ఆరోపణ వచ్చింది, రక్త నమూనా గంటల తరబడి ఆలస్యంగా తీశారు, అందులో మద్యం కనబడలేదన్నారు. సస్పెండైన ఆ అధికారి 2020 మార్చిలో తిరిగి కొలువులో చేరారు. 2022లో ఆయన్ను అలప్పుళ కలెక్టరుగా వేస్తే జనం రోడ్డెక్కాక గాని తప్పించలేదు. మనిషి చనిపోయిన కేసులో అంత పెద్ద ఉద్యోగికి అన్ని మెట్లూ, అన్ని అవకాశాలూ దక్కాయి. ఎవరికీ గీత పడని కేసులో మన డెలివరీ కుర్రాడికి ఒక్క మెట్టూ లేదు. పొద్దున లేచి యాప్ తెరిస్తే ఐడీ బ్లాకై ఉంటుంది, అంతే. అడగడానికి ఆఫీసు ఉండదు, చేసేందుకు ఫోన్ నంబరు ఉండదు. మరి కాంట్రాక్టరు, రియల్టరు, ఎమ్మెల్యేగారి కొడుకు దొరికితే లేఖ ఎవరికి వెళ్తుంది? వాళ్లకు హెచ్‌ఆర్ లేదు. మెడలో ఐడీ కార్డు ఉన్నవాడికే ఈ శిక్ష. ఒకే నేరానికి జీతగాడికొకటి, సొంత వ్యాపారం ఉన్నవాడికొకటి శిక్ష వేసే పద్ధతిని ఏ న్యాయమూర్తీ ఒప్పుకోడు.

ప్రాణాలు కాపాడటానికే ఇదంతా అంటారా? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఆ చావుల్లో దాదాపు 70 శాతానికి కారణం అతివేగం. మితిమీరిన వేగంతో కెమెరాకు చిక్కిన ఉద్యోగి గురించి ఏ కంపెనీకైనా లేఖ వెళ్లిందా? వెళ్లలేదు. పైగా 2022 మార్చిలో టూవీలర్ల బకాయి చలాన్లపై 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ చేసింది తెలంగాణ ప్రభుత్వం. ప్రాణాల మీద అంత పట్టింపున్న ప్రభుత్వం చేసే పనేనా ఇది?

స్టీరింగే ఉద్యోగమైనవారి సంగతి వేరు. ఆర్టీసీ డ్రైవరు, స్కూలు బస్సు డ్రైవరు, క్యాబ్ డ్రైవరు డ్యూటీలో తాగి దొరికితే ఆ రాత్రే బండి దించాలి, యాజమాన్యానికి చెప్పాలి. రక్త పరీక్షలో తేలాక, విచారణ జరిపి తొలగిస్తే మేం సమర్థిస్తాం. ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం పీఏసీలో తాగి ట్రక్కు నడిపి జీపును గుద్దిన డ్రైవరు కేసులో, ఎవరూ చావకపోవడం అదృష్టమే గాని తప్పు తగ్గించదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగానే చెప్పింది. అలా చెబుతూనే అతని పాతికేళ్ల సర్వీసును లెక్కలోకి తీసుకుని డిస్మిసల్‌ను నిర్బంధ పదవీ విరమణగా మార్చింది. డ్యూటీలో ఉండి, బలగాలున్న ట్రక్కు నడిపినవాడి విషయంలో దేశంలోకెల్లా పెద్ద కోర్టు పాటించిన తూకం అది. కంపెనీకి వెళ్లే ఒక పేజీ లేఖలో ఆ తూకానికి చోటెక్కడుంది?

పోలీసులు తీసేయాల్సింది ఉద్యోగాన్ని కాదు, లైసెన్సును. ఉద్యోగం పోయినవాడి జేబులో లైసెన్సు అలాగే ఉంటుంది, వాడు మర్నాడూ బండి తీస్తాడు. 185 కింద శిక్ష పడ్డవారిని ఆర్నెల్లకు తగ్గకుండా డ్రైవింగుకు అనర్హుల్ని చేయాలని చట్టంలోని 20వ సెక్షన్ కోర్టులకు చెబుతోంది. ఏటా శిక్ష పడ్డవారిలో ఎందరి విషయంలో అది అమలైందో పోలీసులు, రవాణా శాఖ ముందు ఆ లెక్క బయటపెట్టాలి. తనిఖీలు శుక్ర, శనివారాల హడావుడిగా కాక వారమంతా జరగాలి. ఒక్కో వైన్ షాపు దరఖాస్తుకు 3 లక్షలు గుంజిన ప్రభుత్వం, పర్మిట్ రూముల ముందు వరసగా నిలబడే బైకుల సంగతీ చూడాలి. బార్లు మూసే వేళకు ఇంటికి చేర్చే బస్సులు ఎన్ని ఉన్నాయో చూడాలి.

సైబరాబాద్ పోలీసులు ఈ లేఖల పద్ధతిని వెంటనే రద్దు చేయాలి. ఇప్పటిదాకా ఎన్ని లేఖలు పంపారో, వాటిలో ఎన్ని కేసులు కోర్టులో వీగిపోయాయో చెప్పాలి. వీగిపోయిన ప్రతి కేసులోనూ అదే హోదా అధికారి సంతకంతో, ఇతను నిర్దోషి అని, అదే కంపెనీకి రెండో లేఖ రాయాలి.